నవ్వితే కూలబడే కుర్రాడు: ఒక నార్కొలెప్సీ కేసు

ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు. ఊరు చిత్తూరు జిల్లాలో, బంగారుపాళ్యం వైపు. ఇంటర్‌తో చదువు ఆపేసి ఇంటి ట్రాక్టరు నడుపుతున్నాడు. తిరుపతిలో మా న్యూరాలజీ ఓపీకి అమ్మానాన్న, చిన్నాన్న కొడుకు కలిసి తీసుకొచ్చారు. తెచ్చిన చీటీలో "ఫిట్స్, మందులకు తగ్గడం లేదు" అని ఉంది. వాళ్ల నాయన గోడు వేరు: "యాడ కూర్చుంటే ఆడనే నిద్రపోతా ఉండాడు సార్. పని మీద ధ్యాసే లేదు." తల్లి భయం ఇంకొకటి. రాత్రిళ్లు ఎవరో గుండెల మీద ఎక్కి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడట, నోట మాట రాదట. గాలి సోకిందేమోనని గంగమ్మకు మొక్కుకుని తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఇంకా చేతికే ఉంది.

కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

సోమరితనం, దెయ్యం, ఫిట్స్ అని ముగ్గురు మూడు పేర్లు పెట్టిన ఈ ప్రవర్తన అంతటికీ మూలం ఒక్కటే. పేరు నార్కొలెప్సీ, నిద్రా మెలకువా అదుపు తప్పే జబ్బు. మెదడులో ఒక చిన్న పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ లాంటి సంకేత పదార్థం) తయారవడం ఆగిపోయింది, దాన్ని అందుకోవడానికి నాడీకణాల మీద ఉన్న రిసెప్టర్లు ఖాళీగా ఉండిపోయాయి. స్వభావం అని మనం కొట్టిపారేసే వాటిలో ఎంత భాగం రిసెప్టర్ల పని అన్నది ఈ కేసులో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

ఎప్పుడు మొదలైంది

పదో తరగతిలో. క్లాసులో నిద్రపోతున్నాడని అయ్యవారు నిలబెడితే నిలబడే తూగేవాడు. పెరిగే వయసు కదా అనుకున్నారు ఇంట్లో. మధ్యాహ్నం సంగటి తింటే ఎవరికైనా కునుకు పడుతుంది కదా అని సర్దుకున్నారు. అదే ఏడాది పెద్దగా తిండి పెరగకుండానే పదికిలోల పైన బరువు పెరిగాడు. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

ట్రాక్టరు చేతికొచ్చాక జబ్బు మరింత మరుగున పడింది. కారణం తోతాపురి సీజన్. జూన్, జులైలో చిత్తూరు చుట్టుపక్కల జ్యూస్ ఫ్యాక్టరీల ముందు మామిడికాయల లోడ్లతో ట్రాక్టర్లు రాత్రంతా వరసలో నిలబడి ఉంటాయి. డ్రైవర్లంతా స్టీరింగు మీద తల వాల్చేవాళ్లే. అక్కడ ఒకడు ఎక్కువ నిద్రపోతున్నాడని ఎవరు గమనిస్తారు? ముందు బండి కదిలినా ఇతను కదలడు, వెనకవాళ్లు హారన్ కొడతారు, తిడతారు, ఒకడొచ్చి భుజం తట్టి లేపుతాడు. అంతే. పోయిన సీజన్‌లో తెల్లవారుజామున ఖాళీ ట్రాలీతో ఇంటికొస్తూ రోడ్డు దిగి కాలవలోకి పోయేదాకా ఇది జబ్బు అన్న ఆలోచన ఇంట్లో రాలేదు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ రోజే వాళ్ల నాయన తాళం లాగేసుకున్నాడు.

ఇక 'ఫిట్స్' సంగతి. రెండేళ్లుగా అప్పుడప్పుడు ఉన్నట్టుండి కింద పడిపోతున్నాడు. ఒక ఊళ్లో చూపిస్తే వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టారు. పడటం తగ్గలేదు, నిద్ర, బరువు మాత్రం ఇంకా పెరిగాయి. ఆ డాక్టరును తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కిక్కిరిసిన ఓపీలో "పడిపోతాడు సార్" అంటే ఎవరికైనా ముందు తట్టేది మూర్ఛే.

పడే ముందు ఏం జరుగుతోందని అడిగితే తల్లిదండ్రులకు తెలియలేదు. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇలాంటి చోట నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నవ్వినప్పుడు ఏమవుతుంది?

చిన్నాన్న కొడుకు ఠక్కున అందుకున్నాడు. "నవ్వితేనే సార్ పడేది! అందుకే వాణ్ణి మేమెవరం నవ్వించం." అక్కణ్నుంచి ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఈతకొట్టేటప్పుడు స్నేహితుడు జోకేస్తే నీళ్లలో మునిగాడు. క్రికెట్‌లో క్యాచ్ చేతుల్లోకి వస్తుంటే మోకాళ్లు మడతపడ్డాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది పేకాట సంగతి. రమ్మీలో మంచి ముక్క పడితే చాలు, ఇతని వేళ్లలో పట్టు పోయి ముక్కలన్నీ జారి కింద పడతాయట. ఇతనికి ఆట పడిందని అందరికీ తెలిసిపోతుంది, ఒకరి తర్వాత ఒకరు ప్యాక్ చెప్పేస్తారు. రోగ నిర్ధారణ దాదాపు అక్కడే అయిపోయింది. ఇంత కచ్చితమైన లక్షణం న్యూరాలజీలో అరుదు.

అతను దీనికి సొంతంగా ఒక విరుగుడు కనిపెట్టుకున్నాడు: నవ్వకపోవడం. నవ్వొచ్చేలా ఉంటే చనిపోయిన తాతను తలచుకుంటాడు. నలుగురున్నచోట గోడకు ఆనుకుని నిలబడతాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. బంధువులు "వాడికి పొగరెక్కింది" అన్నారు. నాలుగో పేరు అది.

పరీక్షలో

మామూలు న్యూరాలజీ పరీక్షలో ఏ లోపమూ లేదు. బరువు ఎక్కువ, బీపీ నార్మల్. మాట్లాడుతుండగానే రెండుసార్లు కళ్లు మూసుకుపోయాయి, వాక్యం మధ్యలో ఆపి మళ్లీ అందుకున్నాడు.

తర్వాత, అతని ఒప్పుకోలుతోనే, చిన్నాన్న కొడుకుని ఏదైనా నవ్వొచ్చే సంగతి చెప్పమన్నాను. మొక్కుబడికి తెచ్చిన పొట్టేలు తాడు తెంపుకుని పెళ్లివారి బస్సెక్కిన కథ మొదలుపెట్టాడు. కథ సగంలో ఉండగా ఇతని కింది దవడ వేలాడింది. కనురెప్పలు సగం వాలాయి. తల రెండు మూడుసార్లు ఊగి ముందుకు వంగింది, చేతులు ఒళ్లో పడ్డాయి. మొహంలో కండరాలు సన్నగా అదురుతున్నాయి. కుర్చీలోంచి జారకుండా తల్లి పట్టుకుంది. సుత్తి తీసుకుని మోకాలి కింద కొట్టాను. కాస్త ముందు చక్కగా ఎగిరిన కాలు ఇప్పుడు కదల్లేదు. రెండో కాలూ అంతే. నిమిషం లోపే తేరుకున్నాడు, మళ్లీ కొడితే రెండు కాళ్లూ ఎగిరాయి. ఆ నిమిషంలో గదిలో ఎవరేం మాట్లాడారో అన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. పొట్టేలు కథ మిగతా సగం చెప్పమని అడిగాడు కూడా.

స్పృహ ఉంది, కండరాల్లో పట్టు లేదు, రిఫ్లెక్స్ లేదు. ఇది కాటాప్లెక్సీ, అంటే భావోద్వేగంతో కండరాల పట్టు కాసేపు పోవడం. మూర్ఛలోనో, రక్తపోటు పడిపోయి వచ్చే సొమ్మలోనో నేలకొరిగే మనిషి మన మాటలు గుర్తుపెట్టుకోడు.

టెస్టులు

వాల్‌ప్రోయేట్ మెల్లగా తగ్గించి ఆపాం. రెండు వారాలు నిద్ర డైరీ రాయించాం. ఇది లేకుండా స్లీప్ ల్యాబుకు పంపితే ఫలితాన్ని నమ్మలేం, ఎందుకంటే సీజన్‌లో నిద్ర చాలని ఏ డ్రైవరుకైనా టెస్టులో నిద్ర తొందరగానే వస్తుంది. తర్వాత వేలూరులోని స్లీప్ ల్యాబుకు పంపాం. చిత్తూరు వాళ్లకు అది తిరుపతి కన్నా దగ్గర.

రాత్రి నిద్ర పరీక్షలో గురక కొంత ఉంది కాని, పట్టించుకోవాల్సినంతగా ఊపిరి ఆగడం లేదు. నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంది. మామూలుగా నిద్ర పట్టిన గంటన్నరకు వచ్చే రెమ్ దశ, అంటే కలల నిద్ర, ఇతనికి ఏడు నిమిషాల్లోనే వచ్చింది. మర్నాడు పగలు రెండేసి గంటల తేడాతో అయిదుసార్లు పడుకోబెట్టి చేసే ఎంఎస్‌ఎల్‌టీలో సగటున మూడు నిమిషాలకే నిద్రపోయాడు, నాలుగుసార్లు నేరుగా రెమ్‌లోకే వెళ్లాడు. సగటు ఎనిమిది నిమిషాలు, అంతకన్నా తక్కువ ఉండి, కనీసం రెండుసార్లు రెమ్ ముందే వస్తే నార్కొలెప్సీ అంటాం. మొదట్లో చెప్పిన ఆ పెప్టైడ్ పేరు ఒరెక్సిన్; వెన్నునీటిలో దాని స్థాయి మిల్లీలీటరుకు 110 పీకోగ్రాములకు మించకపోవడం ఇంకా గట్టి రుజువు. కాని అది మామూలు ల్యాబుల్లో చేసే పరీక్ష కాదు, కాటాప్లెక్సీ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అవసరమూ లేదు. రోగనిరోధక జన్యువుల రకం చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష రాయలేదు. డీక్యూబీ1*06:02 అనే రకం ఈ రోగుల్లో చాలా ఎక్కువ మందికి ఉంటుంది, నిజమే. జబ్బేమీ లేని వాళ్లలోనూ బోలెడు మందికి ఉంటుంది. వేలు ఖర్చుపెట్టించి తెలుసుకునేది పెద్దగా ఏమీ లేదు.

లోపల జరుగుతున్నది

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ పక్క భాగంలో కొన్ని పదుల వేల నాడీకణాలు మాత్రమే ఒరెక్సిన్ తయారుచేస్తాయి. మొత్తం మెదడు లెక్కలో ఇది లెక్కలోకే రాని సంఖ్య. కాని వాటి తీగలు దాదాపు మెదడంతా పాకి ఉంటాయి. 1998లో రెండు బృందాలు విడివిడిగా ఈ పెప్టైడ్లను కనిపెట్టాయి. ఒక బృందం హైపోక్రెటిన్ అంది, యానగిసావా, సకురాయి బృందం ఒరెక్సిన్ అంది. ఇప్పటికీ రెండు పేర్లూ నడుస్తున్నాయి. ఒరెక్సిన్-ఏలో 33 అమైనో ఆమ్లాలు, బీలో 28. వీటిని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలు. మెలకువను నిలబెట్టే కేంద్రాల్లో నారెడ్రినలిన్ విడుదలచేసే లోకస్ సెరూలియస్ కణాల మీద ఎక్కువగా మొదటి రకం, హిస్టమిన్ కణాల మీద ఎక్కువగా రెండో రకం ఉంటాయి. ఒరెక్సిన్-ఏ రెండిటికీ పనిచేస్తుంది, బీ మాత్రం రెండో రకం వైపే ఎక్కువ మొగ్గుతుంది.

ఒరెక్సిన్ మెలకువను పుట్టించదు. పుట్టిన మెలకువను జారిపోకుండా పట్టి ఉంచుతుంది. అందుకే అది లేని మనిషి రోజు మొత్తం మీద మనకన్నా మరీ ఎక్కువసేపేమీ నిద్రపోడు. పగలు గంటగంటకూ నిద్రలోకి జారతాడు, రాత్రి గంటగంటకూ లేస్తాడు. వాళ్ల నాయనకు ఇది అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "రాత్రంతా దొర్లుతా ఉంటాడు సార్, అందుకే పగలు నిద్ర అనుకున్నాం" అన్నాడు. ఒకదానివల్ల ఇంకొకటి కాదు, రెండూ ఒకే లోపం.

రెమ్ నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ ఆడకుండా మెదడు కాండంలోని కణాలు కండరాల పట్టు తీసేస్తాయి. ఆరోగ్యవంతుడు మేలుకుని ఉన్నంతసేపూ ఒరెక్సిన్ దన్నుతో పనిచేసే కేంద్రాలు ఈ ఏర్పాటును తొక్కిపెట్టి ఉంచుతాయి. నవ్వు, సంబరం లాంటి గట్టి భావోద్వేగం వచ్చినప్పుడు మెదడులో భావోద్వేగాల కేంద్రమైన అమిగ్డాలా నుంచి ఈ ఏర్పాటుకు సంకేతం వెళుతుంది. మనలో అది అక్కడే అణగిపోతుంది. కాకపోతే మనకూ పడీపడీ నవ్వితే కాళ్లలో బలం పోయినట్టు ఉంటుంది కదా. ఇతనిలో అణిచేది లేదు కనుక మెలకువలోనే దవడ, మెడ, మోకాళ్లు వదిలేస్తాయి. రాత్రి గుండెల మీద కూర్చున్న దెయ్యం కూడా ఇదే: మెలకువ వచ్చేసింది, కండరాల పట్టు ఇంకా రాలేదు, కల ఇంకా పోలేదు.

నవ్వుకీ ఒరెక్సిన్‌కీ సంబంధం మీద నాకు బాగా ఆసక్తి కలిగించిన పని 2013లో లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చింది. మూర్ఛ ఆపరేషన్ కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగుల్లో, వాళ్లు మేలుకుని మాట్లాడుతూ ఉండగా, అమిగ్డాలా దగ్గర ఈ పెప్టైడ్‌ను కొలిచారు. సంతోషంగా ఉన్నప్పుడు, కోపం వచ్చినప్పుడు, మనుషులతో కలిసి ఉన్నప్పుడు అది బాగా పెరిగింది. అంటే ఆనందంగా ఉన్న సమయంలోనే మనల్ని నిటారుగా నిలబెట్టే పెప్టైడ్ కూడా ఎక్కువగా విడుదలవుతోంది. ఈ కుర్రాడికి సంతోషం వస్తోంది, దానితో పాటు రావలసింది రావడం లేదు.

1999లో స్టాన్‌ఫర్డ్‌లో మిన్యో బృందం నార్కొలెప్సీ ఉన్న డాబర్మాన్, లాబ్రడార్ కుక్కల్లో లోపం రెండో రకం ఒరెక్సిన్ రిసెప్టర్ జన్యువులో ఉందని తేల్చింది. తిండి పెడితే సంబరంతో కూలబడే కుక్కలవి. అదే ఏడాది యానగిసావా బృందం ఒరెక్సిన్ జన్యువు తీసేసిన ఎలుకల్లోనూ ఇలాంటి జబ్బే చూపింది. మనుషుల్లో మాత్రం రిసెప్టర్ బాగానే ఉంటుంది, పెప్టైడ్ చేసే కణాలే పోతాయి. 2000లో రోగుల మెదళ్లను మరణానంతరం పరీక్షించినప్పుడు ఒక లెక్కలో ఆ కణాలు 85 నుంచి 95 శాతం దాకా తగ్గిపోయి కనిపించాయి. రోగనిరోధక వ్యవస్థే వాటిని పొరపాటున చంపేస్తోందని ఇప్పుడు ఎక్కువ మంది నమ్ముతున్నారు. 2009 స్వైన్‌ఫ్లూ తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో పాండెమ్‌రిక్స్ టీకా వేసుకున్న పిల్లల్లో ఈ కేసులు పెరగడం ఆ నమ్మకాన్ని గట్టిపరిచింది.

ఇదంతా వీలైనంత తేలికగా చెబితే, వాళ్ల నాయన కాసేపు ఆలోచించి, "అయితే మోటారు కాలిపోలేదు సార్, లైన్లో కరెంటే రావడం లేదంటారు" అన్నాడు. బోర్లతో బతికే మనిషి. నేను చెప్పినదానికన్నా అతనిదే బాగుంది. "మరి కరెంటు ఎక్కించేదానికి మందు లేదా?"

సరైన ప్రశ్న. ఒరెక్సిన్‌ను మాత్రగా మింగిస్తే పెప్టైడ్ కనుక కడుపులోనే అరిగిపోతుంది. ఆ రిసెప్టర్‌ను తట్టే చిన్న అణువులు కావాలి. రిసెప్టర్లను మూసేసే మందు ముందే వచ్చింది. సువోరెక్సాంట్‌ను 2014లో అమెరికాలో నిద్రలేమికి ఆమోదించారు, నార్కొలెప్సీ ఉన్నవాళ్లకు అది ఇవ్వకూడదు. తెరిచే మందు చాలా కష్టమైంది. టాక్-994 అనే మాత్ర మెలకువనూ కాటాప్లెక్సీనీ బాగా సరిచేసింది, కాని కొందరిలో లివర్ దెబ్బతినడంతో పరీక్షలు ఆపేశారు. దాని తర్వాతి ఓవెపోరెక్స్‌టాన్ ఫలితాలు 2025లో వచ్చాయి, ఆశాజనకంగా ఉన్నాయి. ఇవాళ మా రోగికి రాసివ్వగలిగింది మాత్రం కాదు.

వైద్యం

మెలకువ కోసం పొద్దున మోడాఫినిల్ 100 మిల్లీగ్రాములు, తర్వాత 200. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి రమ్మని చెప్పాం. కాటాప్లెక్సీకి వెన్లాఫాక్సిన్ 37.5తో మొదలుపెట్టి 75. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇరవై నిమిషాల కునుకు. అన్నిటికన్నా ఇదే ఇంట్లో కష్టమైంది. "మందులు మింగతా మళ్లీ పగలు పడుకునేది ఏంది?" అని వాళ్ల అవ్వ తిట్టిపోసిందట. చీటీ మీద మందుల వరసలోనే 'నిద్ర, 20 నిమిషాలు, మధ్యాహ్నం 1 గంటకు' అని రాసిచ్చాను. చీటీలో ఉంటే మందే కనుక, అవ్వ ఊరుకుంది.

బండి నడపడం, ఈత, బావి గట్టు, మంట దగ్గర పని పూర్తిగా వద్దన్నాం. అతనికి ఇదొక్కటే ఏడుపు తెప్పించింది. జబ్బు పేరు విన్నప్పుడు నిజానికి ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక నెలకు కూలబడటం బాగా తగ్గింది. తర్వాత ఒక తంటా. బంధువులతో కలిసి అలిపిరి నుంచి నడిచి కొండెక్కాడు. మందుల సంచి ఇంట్లో మరిచిపోయి అప్పటికే మూడో రోజు. వెన్లాఫాక్సిన్ ఉన్నట్టుండి ఆగితే కాటాప్లెక్సీ ముందుకన్నా ఎక్కువగా తిరగబడుతుంది. గాలిగోపురం దాకా ఎలాగో వచ్చాడు, మోకాళ్ల పర్వతం దగ్గర మనుషులు ఏదో అని నవ్వుకుంటుంటే వరసగా కూలబడ్డాడు, లేవడం మళ్లీ పడటం. చిన్నాన్న కొడుకు భుజం ఇచ్చి పైకి చేర్చాడు. కొండ మీద వేరే డాక్టరు చూసి ఫిట్స్ ఇంజెక్షన్ వేయబోతే, చిన్నాన్న కొడుకే నా చీటీ ఫోటో ఫోన్లో చూపించి ఆపాడు. అప్పట్నుంచి మా రోగులందరికీ జబ్బు పేరు, మందుల పేర్లు, 'స్పృహ ఉంటుంది, మూర్ఛ కాదు' అన్న మాట తెలుగులో రాసి ఫోన్లో పెట్టుకోమంటున్నాం.

ఆరు నెలల నాటికి

కూలబడటం వారానికి ఒకటో రెండో, అదీ మెడ వాలడం వరకే. పగటి నిద్ర సగానికి తగ్గింది కాని పోలేదు. పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కోరు 19 నుంచి 11కి వచ్చింది. వాల్‌ప్రోయేట్ ఆగాక నాలుగు కిలోలు తగ్గాడు. పని కోసం మొదట ఫ్యాక్టరీలో కాటా దగ్గర కుర్చీ ఉద్యోగం చూశారు. వద్దన్నాను, కూర్చుంటే నిద్ర ఆగదు. ఇప్పుడు మండీలో కాయ గ్రేడింగు చేస్తున్నాడు. రోజంతా నిలబడి, నలుగురితో మాట్లాడుతూ చేసే పని కనుక మెలకువ నిలుస్తోంది. పేకాటలో మాత్రం ఇప్పటికీ ముక్కలు జారుతున్నాయట. ఆ విషయం నవ్వుతూ చెప్పాడు, తల కొంచెం వాలింది, ఆపకుండా నవ్వుతూనే ఉన్నాడు.

పెళ్లి సంబంధం ఒకటి వచ్చింది. చెప్పాలా వద్దా అని తల్లి అడిగింది. చెప్పమన్నాను. దాచితే పెళ్లిపందిట్లోనే బయటపడే జబ్బు ఇది. పిల్లలకు వచ్చే అవకాశం ఒకటి రెండు శాతమేనని కాగితం మీద రాసిచ్చాను.

వాళ్ల నాయన మందుల గురించి ఇప్పుడు అడగడం లేదు, ట్రాక్టరు గురించే అడుగుతున్నాడు. మందుల మీద ఉండగా పగలు ఎంతసేపు మేలుకుని ఉండగలడో కొలిచే పరీక్ష ఒకటుంది. అది చేయించాక మాట్లాడదామన్నాను. "సరే సార్, కాకపోతే మాకు సీజన్ జూన్‌లో. అంతలోపు తేల్చండి" అన్నాడు. మే నెలకు వేలూరులో తేదీ తీసుకున్నాం.